పై పోర్షన్‌కి నేనడిగిన ప్రశ్నలు

మా పై పోర్షన్‌కి కిరాయిదార్లను ఎంచే పని ఏడేళ్లుగా నాదే. ఈ పని నాకు అంటగట్టినప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పిన కారణం ఒక్కటే, నేను టీచర్ని, నాకు మాట్లాడటం వచ్చునని. అత్తమ్మ అడిగితే తిట్టినట్టుంటుంది. మా ఆయన అడిగితే ఠాణాలో అడిగినట్టుంటుంది. నేనడిగితే మాత్రం యోగక్షేమాలు కనుక్కున్నట్టుంటుందట. అది నిజమే. ఇరవై ఏళ్లుగా సర్కారు బడిలో లెక్కలు చెబుతున్నాను. హోంవర్కు ఎందుకు చేయలేదో పిల్లల చేత చెప్పించడానికి నాకు బెత్తం అక్కర్లేదు. మెల్లగా ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడం భరించలేక వాళ్లే అన్నీ చెప్పేస్తారు. బళ్లో నేర్చుకున్న ఆ విద్యనే ఇంటి వరండాలో పెద్దవాళ్ల మీద వాడాను. బాగా వాడాను. ఇప్పుడు తలుచుకుంటే నా గొంతు నాకే రోతగా ఉంది.

మా కాలనీ జహీరాబాద్ హైవేకి లోపలగా రెండు సందులు దాటితే వస్తుంది. కింద మేం ముగ్గురం ఉంటాం, నేను, మా ఆయన, అత్తమ్మ. పైన రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు కాస్త డాబా. ఊళ్లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఇల్లు వెతుక్కుంటూ తిరిగేవాళ్లకు కొదవలేదు. గేటుకు బోర్డు కట్టిన గంటలోనే ఎవరో ఒకరు తలుపు కొడతారు. అందుకే మాకు అంత పొగరు.

అత్తమ్మకు ఒక పద్ధతి ఉంది. ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా ముందు స్టీలు గ్లాసుతో నీళ్లిస్తుంది. పాపం ఎండన పడి వచ్చారని కాదు. గ్లాసు పెదాలకు తగలకుండా ఎత్తి పోసుకుంటారా, మూతి ఆనించి తాగుతారా అని చూడటానికి. దాన్నిబట్టి వాళ్లెవరో సగం తెలిసిపోతుందని ఆమె నమ్మకం. మిగతా సగం కోసం ఇంటిపేరు అడుగుతుంది. అందులో దొరక్కపోతే మేనమామల ఊరు అడుగుతుంది. అక్కడా దొరక్కపోతే, "పండుగకు మీ ఇంట్ల ఏం జేసుకుంటరు బిడ్డ?" అని కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ప్రేమగా అడుగుతుంది. వాళ్లు వెళ్లిపోయాక ఆ గ్లాసును విడిగా తోమి కిటికీ అవతల బోర్లిస్తుంది. కొత్తలో ఒకసారి తెలియక ఆ గ్లాసు అందుకోబోతే నా చేతిలోంచి లాక్కుంది. నేను వదిలేశాను. ఆమెతో వాదించడం మానేసి చాలా కాలమైంది, అదొక గొప్ప ఓర్పు అనుకునేదాన్ని.

వచ్చేవాళ్లలో కూడా మహానుభావులుంటారు. ఒకాయన కుర్చీలో కూర్చోకముందే, "మీరు మనోళ్లే అని తెల్సే వచ్చినం మేడం. పక్క సందుల ఎవల్ని పడితే వాళ్లను రానిస్తున్నరు. మీరు రానియ్యరని చెప్పిన్రు," అన్నాడు. అదేదో మాకు బిరుదు ఇచ్చినట్టు చెప్పాడు. అత్తమ్మ మురిసిపోయి నన్ను చాయ్ పెట్టమంది. వంటింట్లో పాలు పొంగేదాకా వాణ్ణి లోపల్లోపల తిట్టుకున్నాను. ఆ తర్వాత మర్యాదగా తీసుకెళ్లి చాయ్ ఇచ్చాను. ఇంకొకావిడ మా బోరు నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి, నేను పెంచుకుంటున్న కరివేపాకు మొక్క మీద ఊసి, "జర ఉప్పగున్నయి" అంది. ఆవిడకు ఇల్లు ఇవ్వకూడదని మాత్రం మనస్ఫూర్తిగా అనుకున్నాను.

ఒక రోజు దవాఖానలో నర్సుగా చేసే అమ్మాయి వచ్చింది. నల్ల బుర్ఖా, భుజాన సంచి, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన అలసట. చెప్పులు గేటు దగ్గరే విడిచి నిలబడింది. అత్తమ్మ ఆమెను చూడగానే లోపలికి వెళ్లిపోయింది. నీళ్లు కూడా రాలేదు.

"ఇచ్చేసినమమ్మా," అన్నాను. "పొద్దుగాలనే మాటైపోయింది."

"బోర్డు ఇంకా ఉంది గద మేడం," అంది. కోపంగా అనలేదు.

"తియ్యాలె. మర్చిపోయినం."

ఆమె తలూపి చెప్పులు వేసుకుంది. వెళ్తూ వెళ్తూ గేటుకు కట్టిన బోర్డు తాడు తనే విప్పింది. బోర్డు తెచ్చి నా చేతికిచ్చి, "ఉంచితే మళ్ల ఎవలన్న వచ్చి పరేషాన్ అయితరు మేడం," అని వెళ్లిపోయింది. నా అబద్ధం ఆమెకు తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగి, ఆ బోర్డు తీసుకెళ్లి మళ్లీ గేటుకు కట్టాను. అత్తమ్మ కట్టమనలేదు, మా ఆయన ఆఫీసు నుంచి రానేలేదు. కట్టింది నేనే.

ఇవన్నీ ఒక ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉండేది. దాన్ని పూర్తిగా నాకే వదిలేసేవాళ్లు. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారా, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంటుంది అని అడగడం. వినడానికి ఎంత బాగుంటుంది! దాని అసలు అర్థం మాత్రం, మా ఇంటికొచ్చి చచ్చిపోయేవాళ్లెవరైనా ఉన్నారా అని.

దీనికి కారణం ఎదురింటి సంగతి. వాళ్ల పై అంతస్తులో కిరాయికున్న ఒక క్లర్కు తండ్రి నిద్రలో పోయాడు. పంతులు వచ్చి పంచాంగం తిప్పి ధనిష్ఠా పంచకం అన్నాడు. ధనిష్ఠతో మొదలయ్యే ఐదు నక్షత్రాల రోజుల్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి కీడట. నెలల తరబడి తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా వదిలెయ్యాలట. వాళ్లు ఆరు నెలలు తాళం వేశారు. తాళం తీశాక శాంతి చేయించారు, సున్నం వేయించారు. అయినా చాలా కాలం ఎవరూ రాలేదు. ఎవరైనా వచ్చినా మెట్లదాకా వచ్చి, పక్కింటివాళ్లు చెవిలో ఏదో చెప్పగానే వెనక్కి తిరిగేవాళ్లు. అలా చెవిలో చెప్పినవాళ్లలో మా అత్తమ్మ కూడా ఒకతె.

అప్పటి నుంచి మా సందులో అందరిదీ ఒకటే కట్టుబాటు. కిరాయిదారు ఇంట్లో మనిషి ప్రాణం పోకూడదు. దవాఖానలో పోయినా శవాన్ని గేటు లోపలికి తేకూడదు. ఒకసారి నాలుగిళ్ల అవతల ఉండే ఒక కిరాయిదారు హైదరాబాద్ దవాఖానలో పోతే, అంబులెన్సు వచ్చేసరికి ఓనరు గేటుకు తాళం వేసుకుని ఊరెళ్లిపోయాడు. రోడ్డు మీదే టెంటు వేశారు. ఫ్రీజర్ పెట్టెకు కరెంటు ఎవరూ ఇవ్వలేదు. చివరికి మూలనున్న చాయ్ హోటలాయన వైరు లాగి ఇచ్చాడు. ఆ పెట్టె పక్కన కంకర మీద కూర్చుని ఆ ఇల్లాలు ఏడుస్తుంటే, చెరుకు ట్రాక్టర్లు హారన్ కొట్టుకుంటూ ఆమె చీర కుచ్చిళ్ల పక్కనుంచే పోయాయి. మేం కిటికీలు వేసుకున్నాం. బండి బయటికి తీయడానికి దారి లేదని మా ఆయన విసుక్కున్నాడు. థూ, అనుకున్నాను ఆ రోజు. అనుకుని, లోపల పప్పు తాలింపు వేసుకున్నాను.

ఇక నా గొంతు మీద నాకే రోత పుట్టించిన కిరాయిదారామె సంగతి. కార్తీకం వెళ్లిపోయాక, చలి ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం భార్యాభర్తలు వచ్చారు. అతను ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద షిఫ్టులు చేస్తాడు, నెమ్మదైన మనిషి. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ముప్పై ఐదేళ్లుంటాయి. పిల్లల్లేరు. ఝరాసంగం దగ్గరి పల్లె. అత్తమ్మ నీళ్లిచ్చింది, ఇద్దరూ ఎత్తి పోసుకున్నారు. ఇంటిపేరు అడిగింది, ఆ ఇంటిపేరు ఆమె లెక్కకు సరిపోయింది. మా ఊరి వైపు వాళ్ల చుట్టాలు కూడా ఉన్నారని తేలింది. అత్తమ్మ నా వైపు చూసి కళ్లతోనే సైగ చేసింది, ఇక నీ వంతు అని.

"అమ్మానాయిన ఉన్నరా?" అని అడిగాను.

"నాయిన లేడు టీచరమ్మ. అమ్మ ఊర్ల ఉంటది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. నేనొక్కదాన్నే బిడ్డను."

"తబియత్ మంచిగనే ఉంటదా మరి?"

అడిగి ఊరుకున్నాను. ఆమె చేతిలోని సంచీ పిడి వైపు చూసింది. దాని దారం ఒకటి ఊడితే వేలికి చుట్టుకుంది, విప్పింది. "మంచిగనే ఉంటది," అంది. ఎన్ని వందల మంది పిల్లలు నా ముందు నిలబడి ఇలా దారాలు లాగారో! ఆ క్షణమే నాకు తెలిసిపోయింది, ఆ తల్లికి బాగోలేదని, ఈమె ఇల్లు వెతుకుతున్నదే ఆమె కోసమని.

తెలిసి ఏం చేశాను? లేదమ్మా, నిజం చెప్పు, ఏం ఫరవాలేదు అని అనొచ్చు. కుదరదు, వెళ్లు అని అనొచ్చు. రెండూ అనలేదు. రెండు వైపులా మంచిదాన్ని అనిపించుకునే దారి ఒకటి వెతికాను.

"ఏమనుకోకు. మా అత్తమ్మకు జర పట్టింపు," అన్నాను గొంతు తగ్గించి. "ఇంట్ల ఎవలికన్న మరీ సీరియస్ అయితే మాత్రం ఇక్కడ ఉంచుకోవద్దు. దవాఖానకో, ఊరికో తీస్కపోవాలె. గంతే."

"సరే టీచరమ్మ."

గొంతు తగ్గించినా అత్తమ్మ చెవులను తప్పించుకోలేం. ఆమె లేచి వచ్చి, "వట్టి సరే గాదు బిడ్డ. చేతుల చెయ్యేసి మాటియ్యి," అంది. ఆ అమ్మాయి భర్త మొహం చూసింది. తర్వాత అత్తమ్మ చేతిలో చెయ్యి వేసింది. "మీ గడపల మా వల్ల గసుంటిది కానియ్యం," అంది. అత్తమ్మ తృప్తిగా తల నిమిరింది. అలా మేం, ఇల్లు కిరాయికి ఇచ్చే వంకతో, ఒక మనిషి చేత కన్నతల్లిని చివరి రోజున బయటికి మోసుకుపోతానని ఒట్టు వేయించుకున్నాం. వరండాలో, పట్టపగలు, పేలాలు తింటూ.

మూడు వారాల తర్వాత నేను బళ్లో ఉన్న వేళ ఆటో వచ్చిందట. "పైకి ఎవరో చుట్టపామె వచ్చింది," అంది అత్తమ్మ. చుట్టపామె వారమైనా వెళ్లలేదు, నెలైనా వెళ్లలేదు. ఒక్కసారైనా కిందికి దిగలేదు. డాబా మీద తీగకు పాత నూలు చీరల ముక్కలు రోజూ ఆరేవి, చేతివెడల్పున చింపినవి. పగలంతా మిషను చప్పుడు, దానికి తోడు టీవీ. దగ్గు వినబడకుండా టీవీ పెట్టేది ఆ అమ్మాయి. దగ్గు వచ్చినప్పుడల్లా సౌండు పెరిగేది, తగ్గగానే తగ్గేది. కింద కూర్చుని కాపీలు దిద్దుకుంటూ నేను ఆ లెక్క వింటుండేదాన్ని.

నేను అత్తమ్మకు చెప్పలేదు. అది నా పెద్ద మనసు అనుకున్నాను. ఒక రోజు జాకెట్ గుడ్డ పట్టుకుని పైకి వెళ్లాను. కుట్టించుకోవాలని కాదు, చూడాలని. ఆ అమ్మాయి తలుపు సగమే తీసింది. నేను నవ్వి లోపలికి నడిచాను. కిటికీ కింద బొంత మీద ముసలామె పడుకుని ఉంది. గొంతు దగ్గర కట్టు. మనిషి చిక్కి, చేతి కడియం మోచేయి దాకా జారిపోతోంది. గదిలో డెట్టాల్ వాసన, దాని కిందనుంచి ఇంకో వాసన.  చెంగు ముక్కుకు పెట్టుకోబోయి ఆపుకున్నాను.

"గీమెనే అమ్మా, ఇల్లిచ్చిన టీచరమ్మ," అంది కూతురు తల్లితో.

ముసలామె నా వైపు చెయ్యి చాపింది. గొంతు సరిగా పెగల్లేదు. "సల్లగుండు బిడ్డ," అంది. "ఊర్ల ఇల్లు కూలిపాయె. వానకు గోడ బొక్కబోర్ల పడ్డది. నువ్వియ్యకుంటే నాకు నీడ లేకపోవు."

కూతురు నా మొహమే చూస్తోంది. దొరికిపోయిన పిల్ల చూసే చూపు. "దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు," అంది మెల్లగా. "మీతోని అబద్ధం చెప్పిన టీచరమ్మ."

"ఏం ఫికర్ చెయ్యకు," అన్నాను. "నేనున్నగద."

ఈ మాట నేను అన్నాను. మరిచిపోదామన్నా కుదరని మాట. ఆ అమ్మాయి నమ్మింది. ఆ రోజు నుంచి టీవీ సౌండు పెంచడం మానేసింది. దగ్గు దగ్గులాగే వినబడసాగింది. నా మాట మీద ధైర్యంతో ఆమె చేసిన పని అది. అత్తమ్మకు సంగతంతా తెలిసిపోయింది కూడా దాంతోనే.

అత్తమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, అంతే. మూడో రోజు ఇంజెక్షన్ వెయ్యడానికి వచ్చిన కాంపౌండర్‌ని గేటు దగ్గర ఆపి అడిగింది. "ఇగ రేపో ఎల్లుండో," అన్నాడు అతను. చెరుకు కొట్టే రోజులు అయిపోవస్తున్నాయి, ఎండ మొదలైంది. ఆమె నేరుగా గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లి కళ్లద్దాలు పెట్టుకుంది. వేలు పెట్టి తిథులు, నక్షత్రాలు చదువుకుంది. వంటింట్లో ఉన్న నాకు ఆ గొణుగుడు వినబడుతూనే ఉంది.

"రేపు పొద్దుగాల్ల సంది ధనిష్ఠ," అంది. "ఈయాల్నే పంపియ్యాలె."

మా ఆయన సాక్సులు తొడుక్కుంటున్నాడు. "నువ్వైతే చెప్తే వింటరు," అన్నాడు నాతో. "నేను చెప్తే లొల్లైతది."

"ఎక్కడికి పోతరు వాళ్లు?"

"మాటిచ్చిన్రు గద. నీ ముందల్నే ఇచ్చిన్రు."

"రెండు రోజులు ఆగుదాం. ఎవరికి నష్టం?"

"ఎదురింటోళ్లను అడుగు, ఎవలికి నష్టమో," అంది అత్తమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే భయపడింది. ఆమెకు ఆ ముసలామె మీద పగ లేదు, కొడుకు మీద ప్రేమ ఉంది, అంతే. "నా కొడుక్కేమన్నయితే నువ్వు తీస్కొస్తవా?" అంది. నా దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబు చెబితే ఇంట్లో వారం రోజులు రభస. బళ్లో పరీక్షలు దగ్గర పడ్డాయి. నాకు రభస పడదు. నిజం ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను.

బడికి ఫోన్ చేసి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి మెట్లెక్కాను. పదిహేడు మెట్లు. మెట్టు మెట్టుకీ ఏ మాట ముందు, ఏ మాట వెనక అని కూర్చుకుంటూ ఎక్కాను.

"రాత్రంత నిద్ర లేనట్టున్నవు," అన్నాను ముందు.

"కండ్లు తెరుస్తలేదు టీచరమ్మ. నీళ్లు దిగుతలేవు."

"గందుకే చెప్తున్న. దవాఖానల అయితే సెలైన్ పెడ్తరు. మంచిగ చూస్తరు. నీకు గూడ జర ఆసరా ఉంటది."

చెప్పి ఊరుకున్నాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. దవాఖానవాళ్లు తీసుకోరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. తీసుకోరని ఆమే నాకు చెప్పింది. ఏడుస్తుందనుకున్నాను. కాళ్లు పట్టుకుంటుందేమో, పట్టుకుంటే ఏం చెయ్యాలా అని భయపడ్డాను. పట్టుకుంటే ఒప్పుకునేదాన్నేమో. ఆమె ఏదీ చేయలేదు.

"మాటిచ్చిన గద," అంది. "ఊరికే తీస్కపోత. మా అమ్మ గూడ ఊరు ఊరు అంటాంది."

"ఊర్ల ఇల్లు..."

"మిగిలిన గోడలున్నయి టీచరమ్మ. మీద రేకు లేదు గంతే."

భర్త షిఫ్టులో ఉన్నాడు. ఫోన్ చేస్తే పర్మిషన్ పెట్టి వచ్చేసరికి పదకొండయింది. అప్పటిదాకా ఆమె మిషను మీది గుడ్డలు మడతపెట్టింది, తల్లికి తల దువ్వింది, మొహం తుడిచి బొట్టు పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను. ఏదైనా అందిద్దామా అంటే ఏం అందించాలో తెలియలేదు. అతను, ఆటో డ్రైవరు కలిసి ముసలామెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కుర్చీకి కట్టి కిందికి దించారు. మెట్ల మలుపులో కుర్చీ కాలు గోడకు రాసుకుంది. "జర పైలం, సున్నం పోతది," అంది కిందనుంచి అత్తమ్మ. ఆ మాట అన్నందుకు ఆ రోజు ఆమెను కొట్టాలనిపించింది. ఆ కుర్చీని కిందికి దింపించిన నన్ను మాత్రం ఎవరూ కొట్టలేదు.

గేటు దగ్గర ఎండ తగిలి ముసలామె కళ్లు తెరిచింది. ఎటు పోతున్నామని కూతుర్ని కళ్లతోనే అడిగింది. "ఊరికమ్మా," అంది కూతురు. ముసలామె మొహంలో సంతోషం కనబడింది. నేను చూశాను, అది సంతోషమే. తర్వాత ఆమె నా కోసం వెతికింది. కనబడగానే చెయ్యి ఎత్తబోయింది. సగం లేచి పడిపోయింది ఆ చెయ్యి. దీవిస్తున్నదని అందరికీ అర్థమైంది. నేను వంగి ఆమె పాదాలు ముట్టుకున్నాను. ఎందుకు ముట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. నలుగురూ చూస్తున్నారు కదా అని కూడా అయి ఉండవచ్చు.

ఆటో వెళ్లాక అత్తమ్మ మెట్ల మీద పసుపునీళ్లు చల్లింది. నేను మొహం కడుక్కుని బడికి వెళ్లి, ఎనిమిదో తరగతికి భిన్నాల కూడికలు చెప్పాను.

సాయంత్రం మా ఆయనకు ఫోన్ వచ్చింది. ఝరాసంగం ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా, ఆటోలోనే పోయిందట. మధ్యాహ్నం పన్నెండున్నరకు. కంది చేల పక్కన ఆటో ఆపుకుని అరగంట అక్కడే కూర్చున్నారట. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "పుణ్యాత్మురాలు," అంది. "మన గడప దాటినంకనే పోయింది. ఎవ్వలికి కష్టం పెట్టలే." ఆ రాత్రి అందరం అన్నం తిన్నాం. నేను కూడా తిన్నాను, రెండోసారి పెట్టించుకుని మరీ.

వాళ్లు మళ్లీ మా ఇంట్లో ఉండలేదు. దినాలు అయిపోయాక సామాను తీసుకుపోవడానికి ఇద్దరూ వచ్చారు. అతను మిషను, మంచం దించుతుంటే ఆమె రెండు గదులూ, వంటిల్లూ, డాబా బకెట్లతో నీళ్లు పోసి కడిగింది. వద్దన్నాను. వినలేదు. తాళంచెవి నా చేతికి ఇవ్వలేదు, పిట్టగోడ మీద పెట్టింది.

"అన్నం తిని పొండ్రి," అన్నాను.

"తినొచ్చినం టీచరమ్మ." కొంగుతో చేతులు తుడుచుకుంది. "మా అమ్మ ఆటోల గూడ నీ పేరే తీసింది. మంచిగుంచుకున్నరు, ఆటోదాకొచ్చి సాగదోలిన్రు అన్నది. గదే ఆమె ఆఖరి మాట."

దెప్పిపొడుస్తున్నదా, నిజంగానే చెబుతున్నదా అని ఆమె మొహం చూశాను. ఎంత చూసినా తెలియలేదు. ఆమె చేతులు మాత్రం ఏ దారమూ లాగకుండా, కదలకుండా ఉన్నాయి. వాళ్లు వెళ్లాక ఆ తాళంచెవి పిట్టగోడ మీద సాయంత్రందాకా అలాగే ఉంది. మా ఆయన వచ్చి తీశాడు.

నెల తిరక్కుండానే గేటుకు మళ్లీ బోర్డు ఎక్కింది. ఈసారి నేను అడగనని చెప్పేశాను. "అడగకు, కూసో," అంది అత్తమ్మ. కూర్చున్నాను. మొదటి ఆదివారమే ఒక కుటుంబం వచ్చింది, బీదర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు. భర్త, భార్య, చంకలో ఆడపిల్ల. నీళ్లు తాగారు. ఇంటిపేరు చెప్పారు. ఇల్లంతా నచ్చింది. ఆఖరికి ఆ భార్య అత్తమ్మను వదిలేసి నా వైపు తిరిగింది.

"ఏమనుకోకుండ్రి మేడం. పసిపిల్ల ఉన్నది, గందుకు అడుగుతున్న. పైన ఎవలన్న పోయిన్రా?"

అత్తమ్మ నా మొహం చూసింది. మా ఆయన పేపరు కిందికి దించాడు.  నా గొంతు ఎప్పట్లాగే మెత్తగా, చల్లగా, నమ్మకంగా పలికింది.

"లేదమ్మా. మా ఇంట్ల ఎవరూ పోలే."

ఆవిడ మొహం విచ్చుకుంది. చంకలో పిల్లను కిందికి దించి, ఆడుకోమని వదిలేసింది. ఆ పిల్ల మెట్లు పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది. నేను చెప్పింది నిజమే, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధమైతే ఎంత బాగుండేది.